గార్డెన్ రూమ్: ఫ్లాట్ రూఫ్ అంచు దగ్గర సెడార్ క్లాడింగ్ ఎలా ఆపాలి?

రెడింగ్_బావ | ఫిబ్రవరి 9, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మాది ఇంగ్లండ్‌లోని రెడింగ్ దగ్గర సెమీ డిటాచ్‌డ్ ఇల్లు. పెరటి మూలలో గార్డెన్ రూమ్ కట్టాలని రెండేళ్లుగా అనుకుంటూ ఈ ఏడాది దిగాను. బయటి కొలత 5 మీటర్లు × 3.5 మీటర్లు. వెనక ఫెన్స్‌కి 600 మి.మీ., ఎడమ పక్క ఫెన్స్‌కి 700 మి.మీ. వదిలాను. చెక్క ఫ్రేము, చుట్టూ క్లాడింగ్‌కి (గోడ బయటి తొడుగు) నిలువుగా సెడార్ పలకలు, పైన ఈపీడీఎం రబ్బరు షీటు.

నా తలనొప్పంతా అంచు దగ్గరే. ఒక వీడియోలో కప్పుని గోడ దాటించి చూరు వదిలారు. ఇంకో వీడియోలో గోడతో సమానంగా కోసేశారు. రెండూ చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ పలక పై కొస ఎక్కడ ఆగాలి, కప్పు అంచుకి కొట్టే అల్యూమినియం పట్టీ (ట్రిమ్) ఎక్కడ మొదలవ్వాలి, పలకల వెనక గాలి ఎటు పోవాలి? కాగితం మీద గీయబోతే అక్కడే పెన్సిలు ఆగిపోతోంది.

పగలు నాకు ఆఫీసు. మే నుంచి అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చి ఆర్నెల్లు ఉంటారు, అప్పుడది వాళ్ల పడకగది. అందుకే వెచ్చగా ఉండాలి.

వాటం_ముఖ్యం | ఫిబ్రవరి 9, రాత్రి 11:02

బావగారూ, అంచు సంగతి తర్వాత, ముందు ఎత్తు లెక్క చూశారా? సరిహద్దుకి 2 మీటర్ల లోపల కడుతున్నారు కాబట్టి ప్లానింగ్ పర్మిషన్ లేకుండా కట్టాలంటే మొత్తం ఎత్తు 2.5 మీటర్లు దాటకూడదు. గదికి ఆనుకున్న నేలలో ఎక్కడ మెరకగా ఉంటే అక్కణ్ణుంచి కొలుస్తారు. మీ ట్రిమ్ పై అంచు కూడా అందులోకే వస్తుంది.

వాటం కూడా మర్చిపోవద్దు. ఫ్లాట్ రూఫ్ అంటే నిజంగా ఫ్లాట్ కాదు. పూర్తయ్యాక కనీసం 80కి 1 వాలు ఉండాలి, అది రావాలంటే డిజైన్‌లో 40కి 1 పెట్టుకోవాలి. మీ 3.5 మీటర్లకి ముందు నుంచి వెనక్కి 88 మి.మీ. దిగుతుంది. మన ఊళ్లో డాబా మీద నీళ్లు నిలబడితే మేస్త్రీని తిట్టుకుంటాం కదా, ఇక్కడ తిట్టడానికి మీకు మీరే మిగులుతారు.

నిబంధనల_నాని | ఫిబ్రవరి 10, ఉదయం 7:40

5 × 3.5 అంటే 17.5 చదరపు మీటర్లు. 15 దాటితే బిల్డింగ్ రెగ్యులేషన్స్‌లో ఇంకో మెలిక ఉంది. 15 నుంచి 30 మధ్య ఉన్న గదికి మినహాయింపు కావాలంటే సరిహద్దుకి కనీసం 1 మీటరు దూరం ఉండాలి, లేకపోతే చాలావరకు మండని సామాను వాడాలి. మీరు 600 దగ్గర సెడార్ అంటున్నారు. కుదరదు.

వాటం_ముఖ్యం | ఫిబ్రవరి 10, ఉదయం 8:05

నానీ, అది గోడల లోపలి ముఖాల మధ్య కొలత. బావగారి గోడ మందం మి.మీ.లో చూడు: లోపలి బోర్డు 12, స్టడ్ (ఫ్రేము నిలువు చెక్క) 95, ఓఎస్‌బీ (చెక్క పేళ్లు అతికించిన బోర్డు) 11, పలకల వెనక రీపర్లు రెండు వరసలు 50, పలక 20. అంతా కలిపి 188, సుమారు 190 అనుకో. రెండు వైపులా తీసేస్తే లోపల 4.62 × 3.12. అంటే 14.4 చదరపు మీటర్లు, 15 లోపే.

నిబంధనల_నాని | ఫిబ్రవరి 10, ఉదయం 8:31

ఒప్పుకుంటున్నా. బయటి కొలతే పట్టుకున్నాను. కానీ అసలు చిక్కు ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదు. అమ్మానాన్న అందులో పడుకుంటారని రాశారు. పడక ఉంటే ఆ 15 చదరపు మీటర్ల మినహాయింపే పోతుంది. ప్లానింగ్ వాళ్లకి కూడా ఆఫీసు, జిమ్, పూజగది అంటే పర్వాలేదు గానీ పడకగది అంటే లెక్క మారుతుంది.

రెడింగ్_బావ | ఫిబ్రవరి 10, రాత్రి 9:20

ఇది నిజంగా తెలియదు నాని గారూ. మా ఆవిడతో మాట్లాడాను. అమ్మానాన్నకి ఇంట్లో పై గది ఇస్తాం, ఆ గదిలో ఉన్న నా టేబులే పెరట్లోకి వెళ్తుంది. ఇలా అయితే నాన్నకి కూడా నయమే, రాత్రిపూట బాత్రూమ్ కోసం వానలో పెరడు దాటక్కర్లేదు.

సరే, ఎత్తు లెక్క వేశాను. నేల పూర్తయ్యాక మట్టికి 150 మి.మీ. పైన. కప్పు పై నుంచి కిందకి: ట్రిమ్ లేచేది 40, ఓఎస్‌బీ 18, పీఐఆర్ (గట్టి నురగ) ఇన్సులేషన్ 100, దాని కింద డెక్ (దూలాల మీద పరిచే బోర్డు) 18, దూలం 145, సీలింగ్ బోర్డు 12. మొత్తం 333. అంటే లోపల ఎత్తు ముందు వైపు 2017 మి.మీ., వెనక వైపు 1929. నా ఎత్తు 175 సెం.మీ. తల తగలదు గానీ గుహలో ఉన్నట్టుంటుంది.

సిప్_ప్యానెల్ | ఫిబ్రవరి 10, రాత్రి 10:11

దూలాలు తీసేసి 150 మి.మీ. సిప్ ప్యానెల్ (రెండు బోర్డుల మధ్య ఇన్సులేషన్ అతికించినది) వెయ్యండి. ట్రిమ్, ప్యానెల్, సీలింగ్ కలిపి 200 చుట్టూ తేలిపోతుంది. నేను స్లౌలో అలాగే కట్టాను. ప్యానెల్ జాయింట్ల దగ్గర లోపలి నుంచి ఆవిరి చొరబడకుండా టేపు పక్కాగా వేసుకుంటే చాలు.

స్విండన్_సాయి | ఫిబ్రవరి 10, రాత్రి 10:40

అంత ఖర్చు ఎందుకు? కోల్డ్ రూఫ్ చెయ్యండి. ఇన్సులేషన్ దూలాల మధ్యలోకి పోతుంది, పైన 100 మిగులుతుంది. నాలుగేళ్లయింది మాది, చుక్క పడలేదు.

వాటం_ముఖ్యం | ఫిబ్రవరి 10, రాత్రి 11:15

సాయీ, కోల్డ్ రూఫ్ అంటే ఇన్సులేషన్ పైన 50 మి.మీ. ఖాళీ ఉండాలి, ఆ ఖాళీలోకి ముందూ వెనకా 25 మి.మీ. పట్టీ అంతా గాలి దూరాలి. లేకపోతే గదిలోని ఆవిరి పైకి వెళ్లి చల్లటి డెక్‌కి తగిలి నీళ్లవుతుంది. అప్పుడు కప్పు కారుతోందనుకుని రబ్బరు షీటు మీద చిల్లు వెతుకుతూ కూర్చుంటారు, చిల్లేమో ఉండదు.

బావగారి అంచు దగ్గర ఇప్పటికే క్లాడింగ్ వెనక గాలి బయటికి రావాలి. కోల్డ్ రూఫ్ అయితే కప్పు గాలి కూడా అక్కణ్ణుంచే పోవాలి. ఒకే సందు, రెండు పనులు. చెయ్యొచ్చు, కానీ ఆ సందులోకి వాన ఎగిరి కొట్టకుండా చూడటం కష్టం.

ఎడింబరో_వాసి | ఫిబ్రవరి 11, ఉదయం 6:55

మా స్కాట్లాండ్‌లో కోల్డ్ ఫ్లాట్ రూఫ్ వద్దనే చెప్తారు. ఆవిరి భయమే.

ఉలి_బాడిస | ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 1:20

బర్మింగ్‌హామ్‌లో వడ్రంగి పని చేస్తాను, మాది కోనసీమ. ఒక మాట చెప్పనా బావగారూ? మన పాత మిద్దె ఇళ్లలో సీలింగ్ ఎక్కడుంది? తలెత్తితే దూలాలే కనబడతాయి. మీరూ అలాగే వదిలెయ్యండి. 12 మి.మీ. బోర్డు తీసేసి డెక్‌కి కింద నుంచి కనబడేలా మంచి ప్లై వేసుకోండి. దూలం కింద 2029 వస్తుంది, దూలాల మధ్య 2174. గది ఎత్తుగా అనిపించేది ఆ మధ్య ఖాళీ వల్లే.

ఒక్క జాగ్రత్త. పైనుంచి ఇన్సులేషన్ బిగించే పొడుగు స్క్రూలు దూలంలోకే దిగాలి. గురి తప్పితే కింద ప్లైలోంచి ముళ్లలా పొడుచుకొస్తాయి. మార్కింగ్ దారం కొట్టుకుని చెయ్యండి.

దీనివల్ల మీ చూరు ప్రశ్నకి కూడా జవాబు దొరికినట్టే. దూలాలు లోపల కనబడుతుంటే వాటిని గోడ దాటించి బయటికి తియ్యకూడదు. తీస్తే ఒక్కో దూలం చుట్టూ గాలి చొరబడే సందు, చలి లోపలికి. దూలం గోడ మీదే ఆగిపోవాలి. అంటే చూరు లేదు, గోడతో సమానమైన అంచు.

రెడింగ్_బావ | ఫిబ్రవరి 11, రాత్రి 9:48

ఇది అద్భుతంగా ఉంది అన్నా. మా అమ్మమ్మగారింట్లో దూలాలకే ఉయ్యాల కట్టేవాళ్లు. కానీ చూరు లేకపోతే పలకల మీద వాన నేరుగా పడుతుంది కదా? పాడైపోదా?

లీసెస్టర్_లక్ష్మి | ఫిబ్రవరి 12, ఉదయం 10:05

చూరు ఉన్నా పడుతుంది బావగారూ, కాకపోతే కింద సగం మీదే పడుతుంది. మాది చూడండి. కూచిపూడి క్లాసుల కోసం కట్టించాను, 250 మి.మీ. చూరు వదిలారు. మూడేళ్లలో కింద భాగమంతా వెండిరంగుకి తిరిగింది, పైన అడుగున్నర ఇంకా ఎర్రగానే ఉంది. చీరకి అంచు వేసినట్టు తెలిసిపోతుంది. ఇంటికి వచ్చినవాళ్లందరూ "సగం పెయింట్ వేశారా?" అని అడుగుతారు.

ఎండా వానా సమంగా తగిలితే చెక్క సమంగా రంగు మారుతుంది. ఆ మార్పు ఇష్టమైతే చూరు వద్దు. ఇష్టం లేకపోతే ఏడాదికో రెండేళ్లకో నూనె పూయాలి, 600 సందులో నిచ్చెన వేసుకుని మరీ.

ఉలి_బాడిస | ఫిబ్రవరి 12, సాయంత్రం 6:30

లక్ష్మి అక్క చెప్పింది అక్షరాలా నిజం. వాన పడటం వల్ల సెడార్ పాడవదు, తడిసినది ఆరకపోతేనే పాడవుతుంది. అందుకే వెనక గాలి.

నిలువు పలకలకి ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. నిలువు పలక కొట్టాలంటే వెనక అడ్డ రీపరు కావాలి. అడ్డ రీపర్లు నేరుగా గోడకి కొడితే ప్రతి రీపరూ ఒక చిన్న గట్టు. వెనక జారిన నీరు దాని మీద కూర్చుంటుంది, గాలి పైకి పోదు. కాబట్టి ముందు గోడ పొర మీద నిలువు రీపర్లు 25 మి.మీ., వాటి మీద అడ్డ రీపర్లు 25, ఆ పైన పలకలు. కింద 10 మి.మీ. తెరిపి, పైన 10 మి.మీ. తెరిపి, రెండు చోట్లా పురుగుల వల. పలక కింది కొస మట్టికి 150 పైన ఆగాలి, లేకపోతే వాన నేల మీద పడి చిందిన బురదంతా దానికే. కింది కొసని ఏటవాలుగా కొయ్యండి, చుక్క బయటి అంచు నుంచి రాలిపోతుంది. కోసిన ప్రతి కొసకీ సీలర్ పూయండి. చెక్క నీళ్లు తాగేది కొసల నుంచే.

మేకులు స్టెయిన్‌లెస్ స్టీలువే. సెడార్‌లో టానిన్ ఉంటుంది, మామూలు ఇనుము తగిలితే నల్లటి మరక కన్నీరులా కారుతుంది. గాల్వనైజ్డ్ కూడా నమ్మొద్దు.

స్విండన్_సాయి | ఫిబ్రవరి 12, రాత్రి 8:00

సెడారే ఎందుకు, సైబీరియన్ లార్చ్ చవక కదా?

ఉలి_బాడిస | ఫిబ్రవరి 12, రాత్రి 8:44

లార్చ్ గట్టిది, కానీ మెలి తిరుగుతుంది, జిగురు కారుతుంది, కొసల దగ్గర ముందు రంధ్రం పెట్టకపోతే చీలుతుంది. సెడార్ మెత్తన, గోరు నొక్కితే గుంట పడుతుంది, కానీ నిటారుగా ఉంటుంది. మన్నికలో ఉత్తర అమెరికా సెడార్ రెండో తరగతి, లార్చ్ మూడో తరగతి. ఏదైనా చేవ ఉన్న చెక్కకే ఆ మన్నిక. తెల్లటి అంచు కనిపించే లేత పలకలు వస్తే వెనక్కి ఇచ్చెయ్యండి.

వాటం_ముఖ్యం | ఫిబ్రవరి 13, రాత్రి 9:10

ఇప్పుడు అసలు అంచు. నేను చూసిన గదుల్లో చాలా తరచుగా జరిగే తప్పు ఇది. కప్పు డెక్‌ని ఓఎస్‌బీ గోడ ముఖానికి సమానంగా కోసి, ట్రిమ్ కొట్టేస్తారు. వారం తర్వాత రీపర్లూ పలకలూ వస్తాయి. అవి 70 మి.మీ. మందం. అప్పుడు పలక ట్రిమ్ కంటే బయటికి వచ్చి నిలబడుతుంది, కప్పు నీరంతా పలక పై కొస మీద పడుతుంది. ఎంత సిలికాన్ పూసినా అంతే సంగతులు.

కాబట్టి అంచుని గోడ నుంచి బయటికి జరపాలి. ఓఎస్‌బీ ముఖం నుంచి లెక్కపెట్టండి: క్లాడింగ్ 70, దాని ముందు గాలికి 10, ఆ ముందు ఫేషియా (కప్పు అంచుని మూసే) పలక 18. మొత్తం 98. అంత బయటికి డెక్ అంచు చుట్టూ చెక్క ప్యాకింగ్ కట్టి, దాని ముఖానికి ఫేషియా కొట్టండి. ఫేషియా కిందికి దిగి సెడార్ పై కొసని 40, 50 మి.మీ. కప్పెయ్యాలి. పలక పై కొస ప్యాకింగ్‌కి 10 మి.మీ. కిందే ఆగాలి. వెనక నుంచి వచ్చిన గాలి ఆ కొస మీదుగా తిరిగి, ఫేషియా వెనక సందులోంచి కిందికి బయటపడుతుంది. వాన పైకి తిరిగి లోపలికి పోలేదు. మన సన్‌షేడ్ కింద మేస్త్రీ గాడి తీస్తాడు చూడండి, నీరు గోడవైపు పాకకుండా, అదే పని ఇక్కడ ట్రిమ్ ముక్కు చేస్తుంది. ఆ ముక్కు ఫేషియా కంటే ముందుకి ఉండాలి.

మూడు వైపులా పైకి లేచే కర్బ్ ట్రిమ్. మన పిట్టగోడ అనుకోండి, కాకపోతే 40 మి.మీ.ది. వాలు దిగే వెనక వైపు మాత్రం నీరు కిందికి జారిపోనిచ్చే డ్రిప్ ట్రిమ్, కింద గట్టర్. రబ్బరు షీటుని మధ్యలో నీటితో చేసిన జిగురుతో అతికించినా, అంచుల దగ్గర 100, 150 మి.మీ. కాంటాక్ట్ జిగురే వాడాలి. గాలి లేపేది అంచునే.

సిప్_ప్యానెల్ | ఫిబ్రవరి 13, రాత్రి 9:55

5 మీటర్ల ట్రిమ్ రెండు ముక్కలుగా వస్తుంది. రెంటినీ గట్టిగా ఆనించి కొట్టకండి. 2.5 మీటర్ల అల్యూమినియం, చలికీ ఎండకీ 50 డిగ్రీల తేడా అనుకుంటే 3 మి.మీ. సాగుతుంది. మధ్యలో 4, 5 మి.మీ. వదిలి జాయింట్ ముక్క వెయ్యండి. నేను వదల్లేదు. జూలైలో ఠప్పుమని శబ్దాలు. మీటింగ్‌లో ఉన్నప్పుడే వచ్చేవి.

నిబంధనల_నాని | ఫిబ్రవరి 14, ఉదయం 7:30

గట్టర్ మీ ఫెన్స్ లోపలే ఉండాలి, నీళ్లు కూడా మీ నేల మీదే ఇంకాలి. చూరునీళ్ల తగాదాలు మన ఊళ్లలో తరాలు నడిచాయి, ఇక్కడ కూడా పొరుగువాడు అంతకంటే తక్కువేం కాదు. వాన నీళ్లకి డ్రమ్ము పెట్టి, అది నిండితే ఇంకుడుగుంటకి పైపు పెట్టండి.

ఉలి_బాడిస | ఫిబ్రవరి 14, సాయంత్రం 7:05

వెనక గోడకి సెడార్ దండగ. ఎవరూ చూడరు, 600 సందులో దాన్ని ఎవరూ బాగు చెయ్యలేరు. ఫైబర్ సిమెంట్ బోర్డు వేసుకోండి, నిప్పు విషయంలో కూడా నిశ్చింత. గోడ ఫ్రేముని నేల మీద పడుకోబెట్టి ఉన్నప్పుడే బోర్డు బిగించి, తర్వాత నలుగురు కలిసి నిలబెట్టండి. మిగిలిన డబ్బుతో ముందు వైపుకి మంచి చేవ పలకలు ఏరుకోండి.

రెడింగ్_బావ | మే 19, రాత్రి 10:30

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. కప్పు అయిపోయింది. వెనక ఫైబర్ సిమెంట్, దూలాలు కనిపించే సీలింగ్, 98 మి.మీ. ప్యాకింగ్, అన్నీ మీరు చెప్పినట్టే. మా నాన్న వచ్చీ రాగానే దూలాలు తట్టి చూసి "టేకు కాదు కదా" అన్నారు.

కానీ ఒక పొరపాటు జరిగింది. ఎడమ గోడ క్లాడింగ్ నాకు టైమ్ లేక ఒక కాంట్రాక్టరుకి ఇచ్చాను. స్టెయిన్‌లెస్ మేకుల డబ్బా చేతికిచ్చి వెళ్లాను. అది మధ్యలో అయిపోయింది, అతను వ్యానులో ఉన్న గాల్వనైజ్డ్ మేకులతో మిగతాది పూర్తి చేశాడు. రెండు వానలు పడేసరికి పై సగం మేకుల కింద నల్లటి చారలు. కాటుక కారినట్టుంది. ఏం చెయ్యను?

ఉలి_బాడిస | మే 20, ఉదయం 6:50

ముందు మేకులు పీకాలి, లేకపోతే ఎన్నిసార్లు కడిగినా మళ్లీ వస్తాయి. పలక చీలకుండా పీకడం కష్టం. తల చుట్టూ చిన్న హోల్ కట్టర్ తిప్పి, మేకుని అక్కడే వదిలి పలకని లాగెయ్యండి, కొన్ని పలకలు పోతాయని సిద్ధపడండి. మిగతావాటి మరకకి ఆక్జాలిక్ యాసిడ్ నీళ్లలో కలిపి పూసి, కాసేపాగి బాగా కడగండి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. పిల్లల్ని అటు రానివ్వొద్దు.

స్టెయిన్‌లెస్ మళ్లీ కొట్టేటప్పుడు నాలుకా గాడీ ఉన్న పలకకి అడ్డ రీపరు దగ్గర ఒక్క మేకే. ఒకే మేకు రెండు పలకల్ని కలిపి పట్టకూడదు. చలికాలం ఉబ్బి, ఎండాకాలం కుదించుకునేటప్పుడు ఎటూ కదల్లేక మధ్యకి చీలుతుంది.

లీసెస్టర్_లక్ష్మి | మే 20, ఉదయం 9:15

అయ్యో. మేకుల డబ్బా ఇంకోటి అక్కడే పెట్టి ఉండాల్సింది బావగారూ. మా కాంట్రాక్టరు దగ్గర నేను నేర్చుకున్నదదే, సామాను రెట్టింపు పెట్టాలి, కాఫీ కూడా.

రెడింగ్_బావ | జూన్ 8, మధ్యాహ్నం 3:10

11 పలకలు పోయాయి. మరకలు దాదాపు పోయాయి. ఒక రెండు చోట్ల తెలిసినవాళ్లు చూస్తే తెలుస్తుంది. ఆ పలకల్ని ముక్కలు చేసి నాన్న తులసికోటకి అరుగు కడుతున్నారు.

వాటం_ముఖ్యం | జూన్ 8, రాత్రి 8:20

వాన పడ్డాక కప్పు మీద నీళ్లు నిలబడ్డాయా?

రెడింగ్_బావ | జూన్ 8, రాత్రి 8:41

ఒక చోట, దూలం కొంచెం కుంగినట్టున్న దగ్గర, పళ్లెం అంత. మర్నాటికి ఆరిపోయింది.

వాటం_ముఖ్యం | జూన్ 8, రాత్రి 8:45

పర్వాలేదు. 40కి 1 పెట్టారు కాబట్టే పళ్లెం అంతతో ఆగింది.

రెడింగ్_బావ | జనవరి 16, రాత్రి 9:05

ఎవరైనా ఇదే వెతుక్కుంటూ వస్తారని ఇంకో మాట రాస్తున్నాను. ముందు గోడ దక్షిణం వైపు, పై నుంచి కింద దాకా ఒకే రంగులో బూడిదకి తిరుగుతోంది, లక్ష్మి గారు చెప్పిన చీర అంచు లేదు. ఎడమ గోడ తూర్పు వైపు, ఇంకా ఎర్రగా ఉంది, అక్కడ మాత్రం రెండు గోడలు కలిసే మూల దగ్గర తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఫేషియా కింద సందులోకి అద్దం పెట్టి చూశాను, పలక కొసలు పొడిగా ఉన్నాయి. ఒక చోట వల జారి సాలీడు గూడు కట్టింది.

లోపల ఇప్పుడు 18 డిగ్రీలు, చిన్న హీటరు ఒక్కటే.

స్విండన్_సాయి | జనవరి 16, రాత్రి 9:30

బావగారూ, మాది కోల్డ్ రూఫ్ అని చెప్పాను కదా. ఈ చలికి సీలింగ్ మీద ఒక మరక వచ్చింది. రబ్బరు షీటంతా వెతికాను, చిల్లు దొరకలేదు.

వాటం_ముఖ్యం | జనవరి 16, రాత్రి 9:34

అంచు దగ్గర గాలి సందులు తెరిచే ఉన్నాయా, ఇన్సులేషన్ పైకి నెట్టుకుని మూసేసిందా, రేపు పగలు చూసి ఫోటో పెట్టు తమ్ముడూ.